చిన్న పెట్టె ఆకలి

శ్రీరామనవమి పందిరి పక్కన వేపచెట్టుకు కట్టిన మైకు బాకా ఒక తరం పల్లెలకు అలారం గడియారం. తెల్లారగట్ల సుప్రభాతం మొదలైతే కాలవ అవతలి ఊళ్లో కూడా ఎవరో ఒకరు దుప్పటి మొహం మీదికి లాక్కునేవారు. ఆ బాకా వెనకాల బల్ల మీద కూర్చున్న యాంప్లిఫైయర్ బలం చాలాసార్లు ముప్పై, నలభై వాట్లే. కరెంటు పోతే దాన్ని ట్రాక్టరు బ్యాటరీకి తగిలించేవారు. పాట ఆగేది కాదు. ఆ ఊరి కుర్రాడే పట్నం వచ్చి ఉద్యోగంలో కుదురుకుని, హాల్లోకి వంద వాట్ల స్టీరియో కొనుక్కుంటాడు. తలుపు దగ్గరికి వేస్తే చాలు, వంటింట్లోకి పాట సాహిత్యం సరిగ్గా అందదు.

ముప్పై వాట్లు రెండు ఊళ్లకు సరిపోయినప్పుడు వంద వాట్లు రెండు గదులకు ఎందుకు చాలవు?

వాటు అనేది స్పీకరు తినే తిండికి లెక్క. అది చేసే పనికి లెక్క వేరే ఉంది, దాని పేరు సెన్సిటివిటీ. స్పీకరుకు ఒక వాటు ఇచ్చి, మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందో కొలుస్తారు. మైకు బాకాకు అది 105 నుంచి 110 దాకా ఉంటుంది. పుస్తకాల అలమరలో పట్టే ఇంటి స్పీకరుకు 83 నుంచి 88. చూడ్డానికి ఇరవై అంకెల తేడా, అంతే. అయితే డెసిబెల్ లెక్కలో మూడు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి, పది పెరగాలంటే పదిరెట్లు, ఇరవై పెరగాలంటే వందరెట్లు. బాకా ఒక్క వాటుతో చేసే గోల అలమరా స్పీకరు చెయ్యాలంటే దానికి వంద పొయ్యాలి. 92 డెసిబెల్‌ల స్పీకరంటే మింగిన కరెంటులో నూటికి ఒక వంతును శబ్దంగా మారుస్తుందని అర్థం. మిగతా 99 వంతులూ లోపలి తీగచుట్టను, అంటే కాయిల్‌ను, వేడెక్కించి పోతాయి. 83కు దిగేసరికి ఆ ఒక్క వంతు కూడా ఉండదు, వెయ్యికి ఒకటీ చిల్లర మిగులుతుంది. కోళ్లఫారం నడిపేవాళ్లు ఇంత మేతకు ఇంత మాంసం అని లెక్క కడతారు. ఆ కంటితో చూస్తే ఇంటి స్పీకరంత దండగమారి జీవి ఇంకోటి లేదు.

ఈ దండగ ఎవరి చేతగానితనమూ కాదు. తెలిసి, ఇష్టపడి, డబ్బిచ్చి కొనుక్కున్నది. ఆ బేరం కుదిరింది అమెరికాలో, 1954లో. దానికి బీజం మాత్రం ముప్పై ఏళ్ల ముందే పడింది.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ఒక కొత్తరకం స్పీకరును లోకానికి చూపించారు. అప్పటిదాకా రేడియో శబ్దమంటే గ్రామఫోను బాకా లాంటి గొట్టంలోంచి రావాల్సిందే. వీళ్లు గొట్టం తీసేశారు. కాగితపు కోన్, దాని మెడకు తీగచుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతం. ఈ రోజు ఆటోలో, టీవీలో, ఫోన్‌లో ఉన్న స్పీకర్లన్నీ దాని మునిమనవలే. గొట్టంలో ముక్కుతో పలికినట్టుండే గొంతు పోయి, మనిషి గొంతు మనిషి గొంతులా వినపడింది. కానీ గొట్టం చేసే మేలు కూడా గొట్టంతోనే పోయింది. బాకా గాలిని పట్టుకుని తొయ్యడానికి పట్టు ఇస్తుంది. ఉత్త కోన్ ఆరుబయట విసనకర్ర ఊపినట్టు చాలా బలాన్ని వృథా చేస్తుంది. అందుకని రైస్, కెలాగ్ స్పీకరుతోపాటు దాన్ని నడపగల యాంప్లిఫైయర్‌ను కూడా చెయ్యాల్సి వచ్చింది. దాని బలం ఒక వాటు. నవ్వొస్తుంది గానీ, ఆనాటి ఇంటి రేడియోలకు అది ఏనుగు బలం. 1926లో మార్కెట్లోకి వచ్చిన రేడియోలా 104 స్పీకరు తన యాంప్లిఫైయర్‌ను తన కడుపులోనే పెట్టుకుని వచ్చింది. బాకా వదిలేసిన స్పీకరు పుట్టిననాడే ఎక్కువ వాట్లు అడిగిందన్నమాట.

సినిమా హాళ్లు మాత్రం బాకాను వదల్లేదు. వదిలితే కుదరదు. వాల్వుల కాలంలో వాటు బంగారం. 1930ల నడుమ వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ చిన్న థియేటర్లకని చేసిన 91 రకం యాంప్లిఫైయర్ ఇచ్చింది సుమారు ఎనిమిది వాట్లు. ఎనిమిది వాట్లతో హాలంతా డైలాగు వినపడిందంటే అది తెర వెనక నిలబెట్టిన మనిషంత బాకాల పుణ్యం. ఆ సూత్రాన్నే 1946లో పాల్ క్లిప్ష్ అనే ఇంజినీరు అర్కాన్సా రాష్ట్రంలోని హోప్ అనే చిన్న ఊళ్లో కూర్చుని ఇంటికి తెచ్చాడు. పెద్ద బాకాను కాగితం మడిచినట్టు మడతలు పెట్టి, గది మూలలోని రెండు గోడలనే దాని చివరి భాగంగా వాడుకున్నాడు. క్లిప్ష్‌హార్న్ సెన్సిటివిటీ 104, 105 డెసిబెల్‌లు. దానికి ఒక వాటు ఇస్తే ఇల్లు దద్దరిల్లుతుంది. పేచీ ఒక్కటే: అది బీరువా అంత ఉంటుంది, గదికి మంచి మూల ఉండాలి, ఇంటావిడ ఒప్పుకోవాలి.

బ్రిటన్‌లో 1947లో డి.టి.ఎన్. విలియమ్సన్ ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఒక యాంప్లిఫైయర్ డిజైను అచ్చువేయించాడు. పదిహేను వాట్లు, వక్రీకరణ వెయ్యికి ఒక వంతు. దాన్ని చూసి ప్రపంచమంతా ఔత్సాహికులు సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నారు. ఇల్లన్నాక పదిహేను వాట్లు దాటి ఎందుకని ఆనాడు అందరి అభిప్రాయం. అప్పటి స్పీకర్లకు ఆ మాట నిజమే.

ఇక్కడ ఎడ్గర్ విల్చర్ కథలోకి వస్తాడు. చదివింది కళాచరిత్ర. యుద్ధకాలంలో సైన్యంలో రేడియో, రాడార్ పరికరాల పని చూశాడు. తిరిగొచ్చాక న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లో రేడియోల దుకాణం నడిపాడు, తర్వాత న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో శబ్ద పునరుత్పత్తి మీద సాయంత్రం పాఠాలు చెప్పాడు. కాపురం వుడ్‌స్టాక్‌లో. ఆయన్ని వేధించిన సమస్య బేస్. పెద్ద కోన్ ముందుకూ వెనక్కూ బాగా కదిలితే తప్ప లోతైన బేస్ రాదు. కోన్ అంచును పట్టి ఉంచే కాగితపు ముడతల చుట్టు అంత కదలికకు తట్టుకోలేదు. ఒక హద్దు దాటాక బిగుసుకుపోయి, శబ్దాన్ని వంకర చేస్తుంది. ఆ వంకరే చెవికి గరగరలా, బొంగురులా వినపడుతుంది.

విల్చర్‌కు తట్టిన ఉపాయం మందులా చేదుగా, సూటిగా ఉంది: ఆ చుట్టును దాదాపు లేనట్టే చేసేయాలి. మరి కోన్‌ను మళ్లీ మధ్యకు లాగేదెవరు? గాలి చొరబడని చిన్న పెట్టెలో బిగిస్తే లోపలి గాలే లాగుతుంది. సైకిల్ పంపు కొస వేలితో మూసి పిడిని నొక్కితే చేతికి తెలిసే ఎదురుతోపు అది. ఏ కాగితపు ముడతా, ఏ తీగ స్ప్రింగూ అంత సమంగా తొయ్యలేదు. ప్రయోగానికి ఒక పాత స్పీకరు తీసుకుని దాని అంచు చుట్టును కోసేశాడు. యుద్ధకాలంలో డ్రాఫ్టింగ్ పని చేసిన భార్య రోజ్‌మేరీ కొత్త చుట్టుకు కొలతలు గీసింది. బట్ట ఏది? పరుపు మీద వేసే ముతక టిక్కింగ్ గుడ్డ. ఇరవయ్యో శతాబ్దపు ఇంటి సంగీతం దారి మార్చిన తొలి నమూనా దర్జీ పనిలాగా, కత్తెరతో, పరుపు గుడ్డతో తయారైంది.

పేరున్న కంపెనీలకు చెప్పి చూశాడు, ఎవరూ తీసుకోలేదు. ఆయన తరగతిలో హెన్రీ క్లాస్ అనే కుర్రాడు ఉన్నాడు. సైన్యంలో ఉద్యోగం, అంతకుముందు మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో స్పీకరు పెట్టెలు చేసి అమ్మిన అనుభవం. గురుశిష్యులు కలిసి 1954లో అక్కడే అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టారు. ఆ ఏడు న్యూయార్క్ ఆడియో ఫెయిర్‌లో ఎ.ఆర్-1 బయటికొచ్చింది. ఇంచుమించు రెండడుగుల పొడవు, అడుగు పైచిలుకు వెడల్పు, అడుగులోపు లోతు. లోపల బేస్ పలికే పన్నెండంగుళాల వూఫర్. బీరువాల్లోంచి మాత్రమే రావాల్సిన బేస్ ట్రంకుపెట్టెలోంచి వస్తుంటే జనం పక్కన ఎక్కడో ఇంకో స్పీకరు దాచారేమోనని వెతికి ఉంటే ఆశ్చర్యం లేదు. 1956 డిసెంబరులో పేటెంటు చేతికొచ్చింది.

మరి ఖరీదు? చిన్న పెట్టెలోని గాలి గట్టి స్ప్రింగు. గట్టి స్ప్రింగు మీద ఉన్న వస్తువు నెమ్మదిగా ఊగాలంటే అది బరువైనదై ఉండాలి. ఉయ్యాల్లో పసిపిల్లకూ పెద్దమనిషికీ తేడా తెలిసినవాళ్లెవరికైనా, బరువును ఊపడానికి చెయ్యెంత నొప్పి పుడుతుందో తెలుసు. విల్చర్ కోన్ బరువెక్కింది. దాన్ని ఊపే పని యాంప్లిఫైయర్ మీద పడింది. ఆ వంశపు స్పీకర్ల సెన్సిటివిటీ 85, 86 దగ్గర తేలింది. క్లిప్ష్‌హార్న్‌తో పోలిస్తే పద్దెనిమిది, ఇరవై డెసిబెల్‌లు తక్కువ. అక్కడ ఒక వాటు చేసిన పనికి ఇక్కడ అరవై నుంచి వంద వాట్లు.

దీన్ని సూత్రంగా చెప్పిన మనిషి పేరు ఆంటన్ హాఫ్‌మన్. మహా పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు. 1957లో హెన్రీ క్లాస్ గురువును వదిలి మాల్కమ్ లో, హాఫ్‌మన్‌లతో కలిసి ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో కె.ఎల్.హెచ్. కంపెనీ పెట్టాడు. ఆడియో లోకం హాఫ్‌మన్ ఉక్కుశాసనం అని పిలుచుకునేది ఇదీ: చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లకే గట్టి శబ్దం. మూడింట్లో రెండు తీసుకోండి, మూడోది వదులుకోండి. మైకు బాకా బేస్‌ను వదులుకుంది. సుప్రభాతంలో గొంతు ఊరవతలికి వెళ్తుంది గానీ మృదంగం ఎడమవైపు మోత వెళ్లదు. క్లిప్ష్ చిన్న పెట్టెను వదులుకున్నాడు. విల్చర్ వాట్ల పొదుపును వదులుకున్నాడు. తర్వాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ ఈ సంగతిని సమీకరణాల్లో బిగించారు. పెట్టె సగమైతే వాట్లు రెట్టింపు పొయ్యాలి. అదే పెట్టెలోంచి ఒక స్థాయి కింది బేస్ కావాలంటే, అంటే 80 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయేది 40 దాకా దిగాలంటే, ఎనిమిది రెట్లు. బేస్ అంత ఖరీదైన సరుకు.

బేరం గిట్టుబాటయ్యేలా చేసింది స్టీరియో. 1958లో స్టీరియో రికార్డులు మార్కెట్లోకి వచ్చాయి. ఒక బీరువాకే చోటు వెతుక్కున్న ఇల్లు రెండు బీరువాలు ఎక్కడ పెడుతుంది? అలమరా స్పీకరు ఒక్కసారిగా అవసరమైంది. అదే ఏడు విల్చర్ ఎ.ఆర్-3 తెచ్చాడు, ఈసారి పైస్థాయి శబ్దాలు పలకడానికి బోర్లించిన గిన్నె ఆకారపు ట్వీటర్లతో. ఆయన మార్కెటింగ్ కూడా మాస్టారి పద్ధతిలోనే నడిచింది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషన్‌లో ఒక గది తెరిచాడు. ఎవరైనా వచ్చి వినొచ్చు, అక్కడ ఏదీ అమ్మరు. ఇంకో అడుగు ముందుకేసి ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే తంత్రీవాద్య బృందాన్ని వేదిక ఎక్కించాడు. వాళ్లు వాయిస్తూ వాయిస్తూ మధ్యలో కమాన్లు ఊపడం మాత్రం ఊపి, శబ్దాన్ని స్పీకర్లకు వదిలేస్తారు. ఎక్కడ మారిందో సభికులు కనిపెట్టాలి. చాలామంది కనిపెట్టలేకపోయారు.

ఆ వేదిక మీద స్పీకర్లను నడిపినవి డైనకో కంపెనీ యాంప్లిఫైయర్లు. ఇక్కడే అసలు జత కుదిరింది. డైనకో అధిపతి డేవిడ్ హాఫ్లర్ ఫిలడెల్ఫియాలో యాంప్లిఫైయర్లను విడిభాగాల కిట్లుగా అమ్మేవాడు. 1957లో వచ్చిన మార్క్ 3 అరవై వాట్లు. 1959లో వచ్చిన స్టీరియో 70 ఒక్కో పక్కకు ముప్పై ఐదు. కొన్నవాడు వంటింటి బల్ల మీద సాయంత్రాలు కూర్చుని బిగించుకుంటే వంద డాలర్ల లోపు పని అయిపోయేది. స్టీరియో 70లు మూడు లక్షలకు పైగా అమ్ముడయ్యాయంటారు. వాటు చవకైతేనే వాట్లు తాగే స్పీకరు సామాన్యుడి ఇంటికొస్తుంది. పదిహేను వాట్లు చాలని విలియమ్సన్ కాలంలో సర్దుకున్న జనం పదేళ్లు తిరక్కుండానే అరవై అడగడం మొదలుపెట్టారు. 1960ల నడుమ అమెరికాలో అమ్ముడైన స్పీకర్లలో మూడో వంతుకు అటూఇటూ ఎ.ఆర్. పెట్టెలేనని లెక్క. 1967లో వచ్చిన ఎ.ఆర్-3ఎకి కంపెనీ స్వయంగా చెప్పిన మాట: ఒక్కో స్పీకరుకు కనీసం పాతిక వాట్లు.

అదే సంవత్సరం ఇండియానా రాష్ట్రం ఎల్క్‌హార్ట్ నుంచి క్రౌన్ డీసీ-300 వచ్చింది. ఒక్కో పక్కకు నూట యాభై వాట్లు, అన్నీ ట్రాన్సిస్టర్లు. వాల్వులకు అవసరమైన బరువైన ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, వాటు ధర ఇంకా దిగింది. 1970ల మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో బాబ్ కార్వర్ అనే కుర్ర ఇంజినీరు ఫేజ్ లీనియర్ 700 అనే పెట్టె వదిలాడు. పక్కకు మూడు వందల యాభై వాట్లు. పేలిపోయే అలవాటు వల్ల దానికి ఫ్లేమ్ లీనియర్ అని ముద్దుపేరు కూడా స్థిరపడింది.

ఎన్ని వాట్లున్నా చాలవనే కార్వర్ లాంటివాళ్ల వాదనలో పస లేకపోలేదు. సంగీతం ఒకే ఎత్తులో సాగే వాన కాదు. సగటున అరవాటుతో నడిచే కచేరీలో మృదంగం మీద ఒక్క దెబ్బ పడితే ఆ రెప్పపాటు యాభై వాట్లు కావాలి. యాంప్లిఫైయర్ దగ్గర ఇరవయ్యే ఉంటే దెబ్బ తల నరికేసినట్టు చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. వాల్వు యాంప్లిఫైయర్ ఆ పరిస్థితిలో తలొంచి సర్దుకున్నట్టు మెత్తగా వంగుతుంది. ట్రాన్సిస్టరు కత్తితో కోసినట్టు కోస్తుంది. కోసిన అంచుల్లోంచి అసలు పాటలో లేని పైస్థాయి శబ్దాలు పుట్టుకొస్తాయి. అవన్నీ నేరుగా ట్వీటర్ దారి పడతాయి. ట్వీటర్ కాయిల్ తీగ వెంట్రుకంత సన్నం. పైగా యజమాని వాల్యూమ్ ఇంకా పెంచుతూ ఉంటాడు: పెద్ద దెబ్బలు ఇక పెరగలేవు, సన్న శబ్దాలు మాత్రం పెరుగుతూ పోతాయి. చివరికి వాసనొస్తుంది. రిపేరు షాపుల్లో మాడిన ట్వీటర్లలో చాలావాటిని చంపింది పెద్ద యాంప్లిఫైయర్ కాదు, శక్తికి మించి అరిపించిన చిన్నది.

వాటుకు అంత గిరాకీ పెరిగాక అబద్ధానికి గిరాకీ పెరగకుండా ఉంటుందా? 1960ల చివరికి అమెరికా ప్రకటనల్లో మ్యూజిక్ పవర్, పీక్ పవర్ అంటూ రకరకాల వాట్లు పుట్టాయి. రెండు చానెళ్లవీ కలిపి, రెప్పపాటు శిఖరాన్ని లెక్కేసి, పదిహేను వాట్ల పెట్టెకు వంద రాసినవాళ్లున్నారు. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కర్ర పట్టుకుంది. ఆ నవంబరు నుంచి వాట్ల అంకె వేస్తే ఎంత వక్రీకరణతో, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా, ఎన్ని ఓమ్‌ల లోడు మీద, చానెళ్లన్నీ ఒకేసారి నడుస్తుండగా అన్న వివరాలు పక్కనే ఉండాలి. దానికి ముందు ఇంకో పరీక్ష: గంటసేపు మూడో వంతు శక్తితో నడపాలి. ఈ మూడో వంతు మెలిక తెలిసినవాళ్లు పెట్టిందే. ఎక్కువ రకాల యాంప్లిఫైయర్లు పూర్తి శక్తి దగ్గర కన్నా మూడో వంతు దగ్గరే ఎక్కువ వేడెక్కుతాయి. కంపెనీలు గోలపెట్టాయి, లోపల అల్యూమినియం హీట్‌సింకులు పెంచాయి. 2000లో ఆ మూడో వంతును ఎనిమిదో వంతుకు తగ్గించారు.

నిజం రాయమంటే జపాన్ వాళ్లు నిజంగానే పెంచి రాశారు. 1978లో పయనీర్ ఎస్ఎక్స్-1980 రిసీవర్ పక్కకు 270 వాట్లు, ముప్పై ఐదు కిలోల బరువు. ఇద్దరు పట్టుకుని ఎత్తాలి.

ఇంగ్లండులో అదే కాలంలో ఇంకో దారి నడిచింది. హంటింగ్‌డన్‌లో పీటర్ వాకర్ 1957లో తెచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరులో కోన్ లేదు, విద్యుదావేశం ఎక్కించిన పల్చటి పొర కదులుతుంది. స్పష్టతలో ఈనాటికీ దాని పేరు చెప్పుకుంటారు. దానికీ వాట్లు కావాలి, కానీ ఒక హద్దు దాటి ఇస్తే లోపల నిప్పురవ్వ లేచి పొరకు చిల్లు పడుతుంది. వాకర్ దానికి జతగా ఇచ్చింది పదిహేను వాట్ల క్వాడ్ 2, తర్వాత 1967లో 45 వాట్ల 303. తన సొంత 405 యాంప్లిఫైయర్ 1975లో వంద వాట్లతో వచ్చినప్పుడు ఆ పాత స్పీకరు కోసం బలాన్ని కట్టడి చేసే ఏర్పాటు పెట్టాల్సొచ్చింది. ఇంకో ఉదాహరణ బీబీసీది. ఔట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యాన్లలో కూర్చుని పనిచేసే ఇంజినీర్ల కోసం 1970ల్లో బీబీసీ ఎల్ఎస్3/5ఎ అనే బుల్లి స్పీకరు చేసింది. పెట్టెలో గాలి ఐదు లీటర్లు, మంచినూనె డబ్బా అంత. సెన్సిటివిటీ 82, 83. తట్టుకునేది ముప్పై వాట్లకు అటూఇటూ. ముప్పై వాట్లూ పోస్తే మీటరు దూరంలో తొంభై ఏడు, తొంభై ఎనిమిది డెసిబెల్‌లు; అంతే దాని గొంతు. వెయ్యి వాట్ల యాంప్లిఫైయర్ తగిలించినా కాయిల్ కాలుతుంది గానీ గొంతు పెరగదు. ఆకలి ఎక్కువ, జీర్ణశక్తి తక్కువ అన్నమాట. వాట్లు ఎంచుకునేవాళ్లు చాలామంది ఈ రెండో సగాన్ని చూడరు.

నిజానికి లెక్క వేలి మీద వేసుకోవచ్చు. 87 డెసిబెల్‌ల స్పీకర్లు రెండు, సోఫా మూడు మీటర్ల దూరం. మామూలు గదిలో ఆ దూరం వల్ల సుమారు ఆరు పోతుంది, రెండోది తోడవడం వల్ల మూడు కలుస్తుంది. అంటే ఒక్కో వాటుకు సోఫాలో 84. ఇంట్లో గట్టిగా వినడం అంటే సగటున 80 డెసిబెల్‌లు, దానికి అరవాటు కూడా అక్కర్లేదు. శిఖరాలు దాని మీద ఇరవై ఎగిరితే 100. దానికి నలభై వాట్లు. అదే 83 డెసిబెల్‌ల స్పీకరైతే వంద. క్లిప్ష్‌హార్న్ అయితే ఒక వాటు లోపే. నలభై వాట్ల యాంప్లిఫైయర్‌కూ యాభై వాట్ల దానికీ మధ్య దుకాణంలో వేల రూపాయల తేడా ఉంటుంది, చెవికి ఒక డెసిబెల్ తేడా ఉంటుంది. ఆ ఒక్క డెసిబెల్ చాలామందికి తెలియను కూడా తెలియదు. ఎంచుకోవాల్సిన వరస స్పీకరు, గది, ఆ తర్వాత వాట్లు. దుకాణాల్లో ఎప్పుడూ ఇది తలకిందులే.

ఓమ్‌ల సంగతి, అంటే స్పీకరు కరెంటుకు చూపే అడ్డు సంగతి కూడా ఒకటుంది. ఎ.ఆర్-3 నాలుగు ఓమ్‌ల స్పీకరు. ఎనిమిది ఓమ్‌లకు అలవాటుపడ్డ యాంప్లిఫైయర్ నుంచి అది రెట్టింపు కరెంటు లాగుతుంది. 1980ల్లో అపోజీ సింటిల్లా అనే రిబ్బన్ స్పీకరు ఒక్క ఓమ్‌కు దిగి, చాలా యాంప్లిఫైయర్లను చేతులెత్తేలా చేసింది. డాన్ డాగస్టినో పెట్టిన క్రెల్ లాంటి కంపెనీలు పెరిగిందే ఇలాంటి మొండి లోడ్లను మొయ్యడానికి.

వాట్ల అబద్ధం అమెరికాలో కమిషన్ భయంతో తగ్గితే, మన దగ్గరికి 1990ల్లో పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్) వేషంలో వచ్చింది. టూఇన్‌వన్‌ల మీద, తర్వాత కంప్యూటర్ స్పీకర్ల మీద వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు అని బంగారు రంగు స్టిక్కర్లు. ఈ పీఎంపీఓను కొలవడానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణమంటూ ఏదీ లేదు. వెయ్యి వాట్ల పెట్టెను వెనక్కి తిప్పి చూస్తే అడాప్టర్ మీద చిన్న అక్షరాలతో 12 వోల్టులు, 1 యాంపియర్ అని ఉంటుంది. గుణిస్తే పన్నెండు. గోడలోంచి పన్నెండు వాట్లు తీసుకుని వెయ్యి ఇచ్చే యంత్రం దొరికితే విద్యుత్ బోర్డులు మూసేసుకోవచ్చు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో బోర్డులు కొని యాంప్లిఫైయర్లు బిగించుకున్న పాలిటెక్నిక్ కుర్రాళ్లను మాత్రం ఈ స్టిక్కర్లు మోసం చెయ్యలేదు. ఎల్ఏ4440 ఐసీ రెండు పక్కలకూ ఆరేసి వాట్లు, జంటగా కట్టి ఒకే స్పీకరుకు వదిలితే పందొమ్మిది అని డేటా కాగితం చూసి చెప్పేవారు వాళ్లు.

పల్లెల్లో ఇంకో పరిశోధన జరిగింది, దానికి పేటెంటు ఎవరూ అడగలేదు. ఒట్టి స్పీకరును మట్టికుండ మూతి మీద బోర్లించి లుంగీముక్కతో చుట్టూ కట్టేవారు. ట్రాక్టర్ల మీదా, ఇంటి వసారాల్లోనూ ఈ కుండ స్పీకర్లు మోగేవి. కోన్ వెనకవైపు శబ్దం ముందుకొచ్చి బేస్‌ను తినెయ్యకుండా కుండ ఆపుతుంది, లోపలి గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. పరుపు గుడ్డ విల్చర్‌ది, లుంగీముక్క మనది. పందొమ్మిది వాట్లలోంచి ఎంత బేస్ పిండొచ్చో అంతా ఆ కుండ పిండేది.

విల్చర్ 1967లో కంపెనీని టెలిడైన్‌కు అమ్మేసి ఆడియో వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. వుడ్‌స్టాక్ ఇంట్లోనే ప్రయోగశాల పెట్టుకుని చెవిటితనం మీద పని మొదలుపెట్టాడు. వినికిడి తగ్గినవాళ్లకు సన్న శబ్దాలు వినపడవు, గట్టి శబ్దాలు మాత్రం అందరిలాగే నొప్పి పుట్టిస్తాయి. కాబట్టి అన్నిటినీ ఒకేలా పెంచడం కుదరదు. ఫ్రీక్వెన్సీలను పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీలో సన్నవాటిని ఎక్కువా గట్టివాటిని తక్కువా పెంచాలి. 1973లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పేటెంటు తీసుకోకుండా ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశాడు. తర్వాతి తరం వినికిడి యంత్రాలకు అదే పునాది అయింది. 2011లో తొంభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశాడు. ఇళ్లలో అరవై వాట్లు అడిగే స్పీకర్లు పెట్టించిన మనిషి తన తర్వాతి దశాబ్దాలు ధారపోసిన యాంప్లిఫైయర్ చెవి మడతలో దాక్కుంటుంది, చొక్కా గుండీ కన్నా చిన్న బిళ్ల బ్యాటరీతో రోజుల తరబడి నడుస్తుంది, దాని బలాన్ని మిల్లీవాట్లలో కొలుస్తారు.